రష్యన్‌కు ఇంగ్లీషు మీదుగా వెళ్ళకండి: కొన్ని అపోహలు, వాస్తవాలు

తెలుగువాళ్ళకు ఆన్‌లైన్‌లో రష్యన్ నేర్పడం మొదలుపెట్టి పదకొండేళ్ళయింది. వచ్చేవాళ్ళలో ఎక్కువమంది రష్యాలో వైద్యం చదవబోయే పిల్లలు. అప్పుడప్పుడు ఒక ఇంజనీరు, లేదా చిన్నప్పుడు విశాలాంధ్ర పుస్తకాల దుకాణంలో సోవియట్ బొమ్మల పుస్తకాలు కొనుక్కుని, ఆ ఊళ్ళ పేర్లు ఇప్పటికీ మరచిపోని విశ్రాంత ఉపాధ్యాయుడు. ఎవరు వచ్చినా మొదటి పాఠానికి వెంట తెచ్చుకునే నమ్మకాలు దాదాపు ఒకటే.

అపోహ: లిపికే నెలలు పడుతుంది.

మొత్తం 33 అక్షరాలు. గుణింతాలు, ఒత్తులు దిద్దిన చేతికి ఇదొక లెక్కా? వారం చాలు. తిప్పలు కొత్త అక్షరాలతో రావు, తెలిసినట్టు కనిపించే అక్షరాలతో వస్తాయి. ఇంగ్లీషు 'పి' ఆకారం అక్కడ 'ర', 'హెచ్' ఆకారం 'న', 'సి' ఆకారం 'స'. హోటల్ బోర్డు మీది 'రెస్తరాన్' అన్న మాటను ఇంగ్లీషు కళ్ళతో చూస్తే 'పెక్టోపా' అవుతుంది.

అచ్చు అక్షరాలు వచ్చాక చేతిరాత వేరుగా నేర్చుకోవాలి. అక్కడ అందరూ రాసేది గొలుసుకట్టు. తెర మీదే చదివి వెళ్ళినవాళ్ళు క్లాసులో బోర్డు చూసి బిత్తరపోతారు. అందుకే నా పాఠంలో నోటుపుస్తకం తప్పనిసరి. రాసిన పేజీని కెమెరాకు చూపించాలి.

అపోహ: ఇంగ్లీషు బాగా వచ్చినవాళ్ళకే రష్యన్ వస్తుంది.

అన్నిటికన్నా ఎక్కువ చెరుపు చేసేది ఇదే. 'నాకు చలిగా ఉంది' అని చెప్పమంటే విద్యార్థి మనసులో ముందు ఇంగ్లీషు వాక్యం కట్టుకుంటాడు. దాన్ని రష్యన్‌లోకి తిప్పి 'యా ఖలోద్ని' అంటాడు. అంటే 'నేను చల్లటివాణ్ణి' అని! రష్యన్లు అనేది 'మ్నె ఖోలద్న'. మ్నె అంటే 'నాకు', ఖోలద్న అంటే 'చలిగా'. తెలుగు వాక్యంలోంచి 'ఉంది' తీసేస్తే రష్యన్ వాక్యం సిద్ధం.

'నాకు ఇరవై ఏళ్ళు' అన్నది 'మ్నె ద్వాత్సత్ లెత్', మాటకు మాట. 'నేను విద్యార్థిని' అన్నది 'యా స్తుద్యెంత్'. మధ్యలో క్రియ మనకూ లేదు, వాళ్ళకూ లేదు. 'నా దగ్గర పుస్తకం ఉంది' అనడానికి కూడా వాళ్ళు 'నా దగ్గర' అనే మొదలుపెడతారు. విభక్తులు ఆరు అనగానే ఇంగ్లీషు పుస్తకాలు భయపెడతాయి. బళ్ళో ఎనిమిది విభక్తులు అప్పజెప్పినవాళ్ళం మనం!

అలాగని తెలుగు అన్నిచోట్లా అక్కరకు రాదు. కత్తితో కోసినా, అన్నతో వెళ్ళినా మనకు ఒకటే 'తో'. రష్యన్‌లో అన్నకు ముందు 'స్' చేర్చాలి, కత్తికి చేర్చకూడదు. చేర్చారా, కత్తిని వెంటబెట్టుకుని బయలుదేరినట్టే.

ఇంకొక చిక్కు మన నాలుకది. మనది అజంత భాష కదా, హల్లుతో ఆగిన మాట చివర తెలియకుండానే ఒక 'ఉ' తగిలిస్తాం. ఒకసారి ఒక అమ్మాయి ఎంతో శ్రద్ధగా 'యా స్తుద్యెంతు' అంది. స్తుద్యెంతు అంటే 'విద్యార్థికి'. 'నేను విద్యార్థికి' అని తనను తాను పరిచయం చేసుకుందన్నమాట. యాస కింద సర్దుకుపోదామంటే కుదరదు, ఆ ఒక్క 'ఉ'తో విభక్తే మారిపోతుంది. చివరి హల్లు మెత్తబడినా అంతే: 'ఊగల్' అంటే మూల, 'ఊగల్య్' అంటే బొగ్గు. ఈ తేడా వినిపించాలంటే ఫోను స్పీకరు పనికిరాదు, ఇయర్‌ఫోన్లు పెట్టుకోవాల్సిందే.

అపోహ: రష్యన్ సంస్కృతం నుంచి పుట్టింది.

ద్వ, త్రి, బ్రాత్, వ్దవా (విధవ) చూపించి ఇలా అంటారు. ఒకదానిలోంచి ఇంకొకటి పుట్టలేదు, రెండూ ఒకే పాత కుటుంబంలోని దాయాదులు. మాటలు గుర్తుపెట్టుకోవడానికి వాడుకోండి, వాదనకు వద్దు.

అపోహ: ఎంబీబీఎస్ ఇంగ్లీషు మీడియమే కాబట్టి రష్యన్ అక్కర్లేదు.

పాఠం ఇంగ్లీషులో చెప్పగలరు. రోగి మాత్రం రష్యన్‌లోనే మూలుగుతాడు. మన దేశంలో 2021లో వచ్చిన నిబంధనల ప్రకారం, విదేశంలో చదివినవాళ్ళు ఇక్కడ వైద్యం చేయాలంటే అక్కడ చదివిన సంస్థలోనే 12 నెలల ఇంటర్న్‌షిప్ చేయాలి. 'గ్ద్యె బలీత్?' (ఎక్కడ నొప్పి?) అని అడగడం నెలలో వస్తుంది, మంచం మీది ముసలమ్మ చెప్పే జవాబు అర్థం కావడానికి ఏళ్ళు పడుతుంది. ఏజెంటు మాట నమ్మి ఖాళీ నోటితో విమానం ఎక్కకండి.

అపోహ: రష్యన్లు నవ్వరు, వాళ్ళకు మర్యాద తెలియదు.

'కారణం లేని నవ్వు మూర్ఖుడి గుర్తు' అని వాళ్ళ సామెత. 'నవ్వు నాలుగు విధాల చేటు' అన్న జాతికి ఇది వింతగా తోచకూడదు. పరిచయం లేనివాళ్ళను చూసి నవ్వరు, అంతే. వంటింటి బల్ల దగ్గర టీకి కూర్చోబెట్టినప్పుడు చూడండి వాళ్ళ నవ్వులు.

మర్యాద ఎక్కడుందంటే పిలుపులో ఉంది. మన నువ్వు, మీరు లాగే వాళ్ళకు 'తి', 'వి'. గురువును సార్, మేడమ్ అనరు, పేరుకు తండ్రి పేరు కలిపి పిలుస్తారు: ఇవాన్ కూతురి పేరు అన్న అయితే 'అన్న ఇవానొవ్న'. ఉత్త 'అన్న' అంటే చనువు మితిమీరినట్టు. అధికారిక పత్రాల్లో ఇంటిపేరు ముందు వస్తుంది, అచ్చం మనలాగే. పాత పుస్తకాలు చదివిన పెద్దలు 'తవారిష్' (కామ్రేడ్) అని పలకరించాలనుకుంటారు. ఆ పిలుపు సోవియట్ కాలంతోనే వెనక్కి పోయింది. ఇప్పుడు దుకాణంలో యాభై ఏళ్ళావిడను కూడా 'దేవుష్క' (అమ్మాయి) అంటారు, ఆవిడా పలుకుతుంది.

చెప్పులు గుమ్మం దగ్గరే విడుస్తారు. గడపకు అటూ ఇటూ నిలబడి చేయి కలపరు. ప్రయాణానికి ముందు అందరూ ఒక నిమిషం కూర్చుని లేస్తారు. ఇవి మనవాళ్ళకు నేర్పక్కర్లేదు. పువ్వులే నేర్పాలి: బేసి సంఖ్యలో ఇవ్వాలి, సరిసంఖ్య చనిపోయినవారికి. మన నూట పదహార్ల అలవాటు అక్కడ చెల్లదు.

అపోహ: భాషా మార్పిడికి స్నేహితుడు దొరికితే ఉచితంగా గురువు దొరికినట్టే.

గంటలో అరగంట మీది, అరగంట అవతలివారిది. మీరు ఆ అరగంటలో వాళ్ళకు ఓపికగా ఇంగ్లీషో హిందీయో చెప్పకపోతే మూడో వారం వాళ్ళు కనిపించరు. 'చితాల్', 'ప్రచితాల్' తేడా వాళ్ళను అడగకండి, అలా అంటామంతే అంటారు. అది మన 'చదివాను', 'చదివేశాను' తేడాకు కాస్త దగ్గర. మీరైనా దాన్ని వివరించగలరా?

గడియారం మాత్రం చూసుకోండి. మాస్కో మనకన్నా రెండున్నర గంటలు వెనక, వ్లదివస్తోక్ నాలుగున్నర గంటలు ముందు. మొదటి ఏడాది నేను మాస్కోలోని నా భాషా మార్పిడి జోడీకి మనవాళ్ళ పద్ధతిలో సరిగ్గా రాత్రి పన్నెండింటికి పుట్టినరోజు శుభాకాంక్షలు పంపాను. అక్కడ ఇంకా ముందురోజు రాత్రి తొమ్మిదిన్నర. పుట్టినరోజుకు ముందే శుభాకాంక్షలు చెప్పడం వాళ్ళకు అపశకునం. 'ఇది నేను చదవలేదు, రేపు మళ్ళీ పంపండి' అని జవాబు వచ్చింది. పొద్దున్నే మళ్ళీ పంపాను.