ఫాలోవర్లు పెరిగితే బేరాలు పెరుగుతాయా? చిన్న వ్యాపారాల్లో అపోహలు - వాస్తవాలు

గుంటూరు చుట్టుపక్కల బొటిక్‌లు, పచ్చళ్లు, కేకుల వ్యాపారాలు చేసేవాళ్ల ఇన్‌స్టాగ్రామ్ పేజీలు నడపడం నా పని. కొత్తగా వచ్చినవాళ్లలో చాలామంది ముందు అడిగేది ఒకటే: "పదివేల ఫాలోవర్లు ఎన్నాళ్లకు వస్తారండీ?" ఆ అంకె కోసం వాళ్లు పడే టెన్షన్ చూస్తే బాధేస్తుంది. కొందరు ఇంటి ఖర్చుల్లోంచి తీసి మరీ దాని మీద పెడుతున్నారు.

అపోహ: ఎంతమంది ఫాలోవర్లుంటే మన పోస్టు అంతమందికీ వెళ్తుంది.

వాస్తవం: వెళ్లదు. ఎవరికి ఏది చూపించాలో ఇన్‌స్టాగ్రామ్ మనిషి మనిషికీ విడిగా లెక్కేసుకుంటుంది. అందులో ముఖ్యమైనవి మూడని ఆ సంస్థ అధిపతి ఆడమ్ మొస్సేరి 2025 జనవరిలో చెప్పారు: ఎంతసేపు చూశారు, చూసినవాళ్లలో ఎంతమంది లైక్ కొట్టారు, ఎంతమంది ఇంకొకరికి పంపారు. మనల్ని ఫాలో కానివాళ్ల దాకా వెళ్లాలంటే ఈ పంపడమే ఎక్కువ పనిచేస్తుంది. "నీ పెళ్లికి ఇలాంటి బ్లౌజ్ కుట్టిద్దామే" అని అక్క చెల్లెలికి పంపే రీల్ మనకు కావాలి.

అపోహ: కొన్ని వేలమందిని కొని పెట్టుకుంటే పేజీ నిండుగా కనిపిస్తుంది, నష్టమేముంది?

వాస్తవం: చాలా నష్టం. మగ్గం వర్క్ చేయించే ఒకావిడ నా దగ్గరకు వచ్చేసరికే ఎవరో ఆవిడ పేజీకి 8,000 మందిని ఎక్కించి డబ్బు తీసుకెళ్లారు. స్టోరీ పెడితే 60 మంది కూడా చూడట్లేదు. పేజీ లెక్కలు చూపించే ఇన్‌సైట్స్‌లో ఫాలోవర్ల ఊళ్లు తెరిచి చూశాం. గుంటూరు లేదు, తెనాలి లేదు, అన్నీ ఎక్కడివో విదేశీ పేర్లు. ఆవిడ ముఖం చూడలేకపోయాను. ఇలాంటి దొంగ లైకులు, ఫాలోలు తీసేస్తామని ఇన్‌స్టాగ్రామ్ 2018 నవంబరులోనే ప్రకటించింది. పైగా "నా ఫాలోవర్లలాంటి వాళ్లకు చూపించు" అని యాడ్ పెడితే ఆ డబ్బూ దారి తప్పుతుంది.

కూర్చుని ఆ ఖాతాలను ఒక్కొక్కటీ తీసేశాం. తర్వాత ఒకే ఒక్క రీల్ చేశాం. మగ్గం మీద బిగించిన గుడ్డ, సూది దిగి లేచినప్పుడల్లా కుదురుకునే పూస, చివర్లో పూర్తయిన చెయ్యి డిజైను. ధర ఆవిడ గొంతుతోనే చెప్పించాం, ఎన్ని రోజుల్లో ఇస్తారో కూడా. ఆ వారం పెరిగిన ఫాలోవర్లు 11 మంది. అడ్వాన్స్ కట్టి ఆర్డరిచ్చిన బ్లౌజులు 5, అందులో రెండు నరసరావుపేట నుంచి. "ధర కోసం డీఎం చేయండి" (అంటే విడిగా మెసేజ్ పెట్టండి) అనే మాట ఆవిడ పేజీలో మళ్లీ రాయలేదు. మీరూ రాయకండి, అడగడానికి మొహమాటపడి వెళ్లిపోయేవాళ్లు చాలామంది.

అపోహ: పదివేలు దాటితేనే స్టోరీలో లింకు పెట్టగలం.

వాస్తవం: అది పాత నిబంధన. 2021 అక్టోబరు నుంచి లింక్ స్టిక్కర్ అందరికీ ఉంది. లైవ్‌కు మాత్రం 2025 ఆగస్టు నుంచి 1,000 మంది ఉండాలి. లైవ్‌లో చీరలు అమ్మేవాళ్లకు ఆ అంకె నిజంగానే అవసరం.

అపోహ: అయితే ఈ సంఖ్యతో అసలు పనే లేదు.

వాస్తవం: అలా అననండి. ముక్కూమొహం తెలియని పేజీకి డబ్బు పంపేముందు ఎవరైనా ఒకసారి ఆ అంకె వైపు చూస్తారు, నేనూ చూస్తాను. కానీ ఆ భయం తీర్చేవి వేరే ఉన్నాయి: వేసుకున్నవాళ్ల ఫొటోలు, షాపు అడ్రస్, ఎత్తి మాట్లాడే ఫోన్ నంబరు.

నేను చెప్పేది, గల్లా పక్కన ఒక నోట్‌బుక్ పెట్టుకోండి. వచ్చిన ప్రతి ఒక్కరినీ "ఎక్కడ చూసి వచ్చారండీ?" అని అడిగి రాసుకోండి. పనైనవాళ్లను వాట్సాప్ బ్రాడ్‌కాస్ట్ లిస్టులో, అంటే ఒకే మెసేజ్ అందరికీ విడివిడిగా వెళ్లే లిస్టులో చేర్చండి. ఒక్కో లిస్టులో 256 మందే పడతారు, అదీ మన నంబరు సేవ్ చేసుకున్నవాళ్లకే మెసేజ్ చేరుతుంది. అందుకే ఆ మగ్గం వర్క్ ఆవిడ ఇప్పుడు బ్లౌజ్ కవరులో పెట్టి ఇస్తూ, "నా నంబరు సేవ్ చేసుకోమ్మా, శ్రావణమాసం డిజైన్లు ముందు నీకే పంపుతాను" అని చెప్పి, చేసుకునేదాకా పక్కనే నిలబడుతున్నారు.