నివురు కింద నిప్పు: ఎలిప్టికల్ గెలాక్సీల మీద అపోహలు - వాస్తవాలు

వేసవి సెలవలకి పర్లాకిమిడి వచ్చినప్పుడల్లా రాత్రిపూట మేడ మీద పిల్లలు చుట్టూ చేరిపోతారు, నేను పనిచేసేది గెలాక్సీల మీద కదా, మొన్న మా పిన్ని కొడుకు అడిగాడు, "అన్నయ్యా, ఎలిప్టికల్ గెలాక్సీలు చచ్చిపోయినవేనట, మరి వాటిలో ఏటి చూస్తావు?" అని. ఎలిప్టికల్ అంటే మన పాలపుంతలా సుడి చేతులు లేకుండా గుడ్డులా నున్నగా ఉండే గెలాక్సీ. పెద్దవాళ్లూ ఇదే అడుగుతారు, అందుకే రాస్తన్నాను.

అపోహ: వాటిలో కొత్త నక్షత్రాలు పుట్టవు.
మామ్మ కట్టెల పొయ్యి చూడండి. రాత్రి వంటయ్యాక నిప్పుల మీద బూడిద కప్పేస్తాది, తెల్లారి పైకి చల్లగానే ఉంటాది, నాలుగు ఎండుటాకులేసి గొట్టంతో ఊదితే భగ్గుమంటాది. ఈ గెలాక్సీల్లో చాలావాటికి ఆ ఎండుటాకులు పక్కింటి నుంచి వస్తాయి, గ్యాస్ ఉన్న చిన్న గెలాక్సీ ఒకటి వచ్చి పడితే చాలు. 1.2 కోట్ల కాంతి సంవత్సరాల దూరంలో సెంటారస్ ఏ అనే గెలాక్సీ ఉంది, దాని నడుముకి అడ్డంగా నల్లటి దుమ్ము పట్టీ, అది మింగిన గెలాక్సీ తాలూకుదే, అందులో ఇప్పటికీ నక్షత్రాలు పుడుతున్నాయి.

అపోహ: స్పెక్ట్రమ్ (వెలుగుని రంగులుగా విడదీసిన పట్టీ, అందులో ఒక్కో మూలకానికీ దాని గీతలుంటాయి) తీస్తే గెలాక్సీ వయసు తెలిసిపోతాది.
నేనూ పీహెచ్‌డీ మొదట్లో అలాగే అనుకున్నాను. ఒక గెలాక్సీలో నక్షత్రాలన్నిటికీ ఒకే వయసు అనుకుని లెక్క సరిపెడితే 300 కోట్ల ఏళ్లని వచ్చింది, సంబరంగా పట్టుకెళ్లి గైడ్‌కి చూపిస్తే రెండు వయసులు పెట్టి మళ్లీ చెయ్యమన్నారు. చేస్తే ఏముంది, బరువులో దాదాపు అంతా 1000 కోట్ల ఏళ్ల నాటి ముసలి నక్షత్రాలే, కుర్రవి ఒకట్రెండు శాతం. ఊరేగింపులో వంద నూనె దీపాల మధ్య ఒక్క పెట్రోమాక్స్ ఉంటే దూరం నుంచి అదే కనిపిస్తాది కదా, అలాగన్నమాట. పైగా వయసు ఎక్కువైనా ఎరుపే, లోహాలు ఎక్కువున్నా ఎరుపే, రంగొక్కటే నమ్ముకుంటే బోల్తా పడతాం, అందుకే హైడ్రోజన్ గీతల్ని, ఇనుము, మెగ్నీషియం గీతల్ని కలిపి చదువుతాం.

గెలాక్సీలు గుద్దుకుంటే నక్షత్రాలు పేలిపోతాయనేది ఇంకోటి. సూర్యుడికి దగ్గరి నక్షత్రమే 4.24 కాంతి సంవత్సరాల దూరం, అంత ఖాళీలో ఒకదాన్నొకటి తప్పుకునే పోతాయి, ఢీకొనేది గ్యాసే. రెండింట్లోనూ గ్యాస్ లేకపోతే కొత్తవీ పుట్టవు, దాన్నే డ్రై మెర్జర్ అంటాం.

అపోహ: అల్ట్రావయొలెట్ వెలుగు కనిపిస్తే కొత్త నక్షత్రాలే.
అన్నిసార్లూ కాదు. ముసలి నక్షత్రాల్లో కొన్ని పై పొరలు పోగొట్టుకుని బాగా వేడెక్కి అదే వెలుగిస్తాయి. 2015 సెప్టెంబర్ 28న శ్రీహరికోట నుంచి వెళ్లిన మన ఆస్ట్రోశాట్ ఉపగ్రహంలోని అల్ట్రావయొలెట్ టెలిస్కోప్ ఇక్కడే అక్కరకొస్తాది, వెలుగు గెలాక్సీ మధ్యలో నున్నగా పరుచుకుని ఉంటే ముసలివాటి మీదే ముందు అనుమానం, గుద్దుకున్నప్పుడు సాగిన తోక పొడుగునా చుక్కలు చుక్కలుగా ఉంటే కుర్రవి.