జరావా: పొరుగువాళ్లు పెట్టిన పేరు

అండమాన్ టూర్‌కి వెళ్లొచ్చినవాళ్లను మనవాళ్లు తప్పకుండా అడుగుతారు: "జరావాలు కనిపించారా?" జరావాలంటే అక్కడి అడవిలో ఉండే ఆదివాసీ తెగ. జిర్కటాంగ్ చెక్‌పోస్టు దగ్గర తెల్లారకముందే బస్సులు, కార్లు బారులు తీరతాయి. పోలీసుల కాపలాతో వరసగా అడవిలోకి కదులుతాయి. దారిలో బండి ఆపకూడదు, ఫొటో తీయకూడదు, తినడానికి ఏమీ ఇవ్వకూడదు. అయినా కిటికీల దగ్గర అందరి చూపూ చెట్ల మీదే.

అలా అందరూ వెతికే ఆ తెగవాళ్లు మాత్రం తమను జరావా అని పిలుచుకోరు. పోర్ట్‌బ్లెయిర్ చుట్టుపక్కల ఒకప్పుడు బియా తెగవాళ్లు ఉండేవారు. జరావా అన్నది వాళ్ల అకా-బియా భాషలోని మాట. 'పరాయివాళ్లు' అని అర్థం. భాష కలవని, తమతో పడని పొరుగువాళ్లను అలా అనేవారు. 1858లో అక్కడ ఖైదీల సెటిల్‌మెంట్ పెట్టిన బ్రిటిష్‌వాళ్లు ఆ మాటనే రిపోర్టుల్లోకి ఎక్కించారు. అదే మ్యాపుల్లోకి, చట్టాల్లోకి, చివరికి మన పేపర్లలోకి వచ్చింది.

వాళ్లు తమను 'ఆంగ్' అనుకుంటారు. అంటే 'మనుషులు'. నా మనసుకు గుచ్చుకునేది ఇదే. మనుషులమని చెప్పుకునేవాళ్లను లోకమంతా పరాయివాళ్లని పిలుస్తోంది. ఇలాంటిది మనకూ తెలుసు. బర్మా వలస వెళ్లిన తెలుగువాళ్లను అక్కడ, కాకినాడ దగ్గరి కోరంగి ఓడరేవు పేరుతో కోరంగీలన్నారు. ఊరూ ఇంటిపేరూ ఎవరూ అడగలేదు.

పరాయివాళ్లన్న పేరుకు తగ్గట్టే దూరమూ పెరిగింది. అడవి నరికారు, ఊళ్లు వెలిశాయి, మధ్యలోంచి ట్రంక్ రోడ్డు పడింది. జరావాలు బాణాలతో ఎదిరించారు. 1996లో కదంతలా దగ్గర కాలు విరిగిన జరావా కుర్రాడు ఒకడు దొరికాడు. పోర్ట్‌బ్లెయిర్ ఆసుపత్రిలో నెలల తరబడి వైద్యం చేయించుకుని తిరిగి తనవాళ్ల దగ్గరికి వెళ్లాడు. మరుసటి ఏడు అక్టోబరు నుంచి వాళ్లే ఊళ్లవైపు రావడం మొదలుపెట్టారు. రాకపోకలతో పాటు తట్టు లాంటి రోగాలూ అంటుకున్నాయి. 2011 జనాభా లెక్కల్లో వాళ్లు 380 మంది.

అండమాన్ షెడ్యూల్డ్ తెగల జాబితా 1959లో వచ్చింది. అందులో జరావా ఉంది. ఆ పేరు పెట్టిన బియా కూడా ఉంది, కానీ బియా భాష మాట్లాడేవాళ్లు ఇప్పుడు ఒక్కరూ లేరు. ఆంగ్ అన్న మాట ఆ జాబితాలో ఎక్కడా లేదు.