గుడి గబ్బిలం ఎవరికి చుట్టం?

దేవరకొండ వైపు నుంచి ఒక టీచర్ అడిగారు: ఊరి చింతచెట్టుకు పగలంతా వేలాడే పెద్ద గబ్బిలాలు, కోటలో, పాత గుళ్లలో ఉండే చిన్నవాటికి ఏమవుతాయి అని. మంచి ప్రశ్న. గబ్బిలం పక్షా జంతువా అన్నది బడి పుస్తకాల్లోనే ఉంది కాబట్టి వదిలేద్దాం. ఇంట్లోకొస్తే అరిష్టం అన్నదీ వదిలేద్దాం. అది లైటు చుట్టూ తిరిగే పురుగుల కోసం వస్తుంది, మన జాతకం కోసం కాదు.

జీవులకు శాస్త్రీయ పేర్లు పెట్టే పద్ధతి తెచ్చిన లిన్నేయస్ 1758లో గబ్బిలాల్ని కోతులతో, మనతో కలిపి ఒకే వర్గంలో పెట్టాడు. పండ్లు, పూల తేనెతో బతికే ఒక పెద్ద గబ్బిలానికి రక్తపిశాచి పేరు తగిలించి 'వాంపైరస్' అన్నాడు! ఆ పేరు ఇప్పటికీ పోలేదు. 1779లో బ్లూమెన్‌బాక్ అనే శాస్త్రవేత్త వీటిని వేరే వర్గం చేసి కైరాప్టెరా అన్నాడు. 1875లో డాబ్సన్ అనే మరో శాస్త్రవేత్త ఆ వర్గాన్ని రెండు ముక్కలు చేశాడు: పెద్ద కళ్లతో పండ్లు వెతుక్కునేవి మెగా, గొంతుతో అరిచి ప్రతిధ్వని విని వేటాడేవి మైక్రో. వందేళ్లకు పైగా పిల్లలకు ఇదే చెప్పాం.

2000 ప్రాంతంలో డీఎన్ఏ పోల్చి చూస్తే లెక్క తిరగబడింది. పాత గుళ్ల చీకట్లో వేలాడే ఆకుముక్కు గబ్బిలం హిప్పోసైడెరోస్, చింతచెట్టు మీది టెరోపస్‌కు దగ్గరి చుట్టం. పెంకుల సందుల్లో దూరే బుల్లి పిపిస్ట్రెల్లస్‌కు దూరపుది. చిన్న ఒళ్లు, పురుగుల తిండి, చీకట్లో అరుపు, అన్నీ కలిసినా సరే, ఇంటిపేరు ఒకటైనంత మాత్రాన ఒకే వంశం కానట్టు. ఇప్పుడు మొదటి రెండూ యిన్‌టెరోకైరాప్టెరా, మూడోది యాంగోకైరాప్టెరా. నోరు తిరగదు, తెలుసు.

అసలు మజా ఇక్కడే. రెండు శాఖల్లోనూ అరిచి వినే విద్య ఉంది, టెరోపస్‌కు మాత్రం లేదు. అంటే వీటన్నిటి పూర్వీకుడికి ఆ విద్య ఉండి, పండ్ల గబ్బిలాలు పోగొట్టుకున్నాయా? లేక రెండు శాఖలూ విడివిడిగా నేర్చుకున్నాయా? రౌసెట్టస్ అనే పండ్ల గబ్బిలం గుహలో నాలుకతో టక్కుటక్కుమని దారి చూసుకుంటుంది, కానీ ఆ శబ్దం గొంతుది కాదు కాబట్టి దీన్ని సాక్ష్యంగా పిలవలేం.

2017లో గబ్బిలాల గర్భంలోని పిల్లల్ని పోల్చినవాళ్లు, పండ్ల గబ్బిలం పిండంలోనూ లోపలిచెవిలోని నత్తగుల్ల ఆకారపు వినికిడి భాగం, అరిచి వినేవాటికిలాగే పెద్దదిగానే మొదలవుతుందని చూపించి, పోగొట్టుకున్నాయనే అన్నారు. 2022లో ఇంకొకరు ఆ నత్తగుల్లలోకే ఇంకా లోతుగా వెళ్లారు. వినికిడి నరం కణాలు ఒక ఎముక సొరంగంలో ఉంటాయి. మనకూ, ఆవుకూ, యిన్ శాఖకూ దాని గోడ మందం. యాంగో శాఖలో చాలావాటికి ఆ గోడ చిల్లులుపడి ఉంటుంది, కొన్నింటికి గోడే ఉండదు, అందుకని కణాలకు చోటు ఎక్కువ. నేను విడివిడిగా నేర్చుకున్నాయనే పక్షమే. మందం గోడ ఉంచుకునే ఆకుముక్కు గబ్బిలం అంత గొప్పగా వేటాడుతోందంటే, అది వేరే దారిన నేర్చినట్టే కదా.