పాత కొలతలు తీర్చిన తగువు

నీటి అణువుల్ని ఒకదానితో ఒకటి పట్టి ఉంచేది హైడ్రోజన్ బంధం. ఆక్సిజన్‌కు అతుక్కున్న హైడ్రోజన్ పక్క అణువులోని ఆక్సిజన్ వైపు మొగ్గుతుంది. కార్బన్‌కు అతుక్కున్నది కూడా అలాగే మొగ్గుతుందని 1962లో లండన్‌లో జూన్ సూటర్ స్ఫటికాల కొలతలు చూపించి చెప్పారు. 1968లో జెర్రీ డోనహ్యూ ఆ వాదనను కొట్టిపారేశాక దాన్ని పట్టించుకున్నవాళ్లు తక్కువే.

చిక్కల్లా హైడ్రోజన్‌తోనే. స్ఫటికంలో ఏ పరమాణువు ఎక్కడుందో మామూలుగా ఎక్స్‌రేలతో చూస్తారు. ఎక్స్‌రేలకు కనిపించేవి ఎలక్ట్రాన్లు. హైడ్రోజన్‌కున్నదే ఒక్కటి, అదీ బంధం వైపు జరిగి ఉంటుంది. న్యూట్రాన్లయితే నేరుగా కేంద్రకాన్నే పట్టిస్తాయి. కానీ ఆ ప్రయోగాలు ఖరీదు, అరుదు.

ఈలోగా 1965 నుంచి కేంబ్రిడ్జిలో ఓల్గా కెనార్డ్ బృందం, కార్బన్ ఉన్న అణువుల స్ఫటిక నిర్మాణం ఏ పత్రికలో అచ్చయినా తెచ్చి ఒకచోట, ఒక డేటాబేస్‌గా చేరుస్తూ వచ్చింది. ఉన్నది ఉన్నట్టు ఎక్కించుకోవడం కాదు. పరమాణువుల స్థానాల నుంచి బంధాల పొడవులు మళ్లీ లెక్కగట్టి, పేపర్లో ఉన్నవాటితో సరిచూసేవారు. ఒక్క అంకె తారుమారైనా అక్కడ దొరికిపోయేది. విసుగు పనే, పేరు తెచ్చేది కూడా కాదు. కానీ ఇది లేకపోతే మిగిలేది ఒట్టి కాగితాల గుట్ట.

1982లో రాబిన్ టేలర్, కెనార్డ్ కలిసి ఆ డేటాబేస్‌లోంచి న్యూట్రాన్లతో తేల్చిన 113 నిర్మాణాలు బయటికి తీశారు. అన్నీ పక్కపక్కన పెట్టి చూస్తే సూటర్ చెప్పిందే నిజమని తేలింది. కొత్త ప్రయోగం ఒక్కటీ చేయలేదు! తర్వాత హైదరాబాద్ సెంట్రల్ యూనివర్సిటీలో గౌతమ్ దేశిరాజు ఈ బలహీన బంధాల మీద ఏళ్ల తరబడి పనిచేశారు.

2019లో కేంబ్రిడ్జి డేటాబేస్ పది లక్షల నిర్మాణాలు దాటింది. ఇప్పుడు తనిఖీ చాలావరకు కంప్యూటర్లదే. 2010 ప్రాంతంలో ఒక అంతర్జాతీయ స్ఫటిక విజ్ఞాన పత్రికలో బయటపడ్డ మోసాలు కూడా ఇలాంటి తనిఖీలకే చిక్కాయి. కొందరు ఒకే ప్రయోగం కొలతలు తీసుకుని, లోహం పేరు మాత్రం మార్చి, ఒకటికి నాలుగు కొత్త పదార్థాలుగా అచ్చేయించుకున్నారు. పేరైతే మారింది గానీ కొలతల్లోని ఎలక్ట్రాన్ల లెక్క మారలేదు. దాన్ని సర్దడానికి, నిర్మాణాన్ని లెక్కగట్టే కంప్యూటర్ ప్రోగ్రామ్ ఆ లోహ పరమాణువు కంపనాన్ని ఉండకూడనంత పెంచి, లేదా తగ్గించి చూపించింది. కనీసం 70 నిర్మాణాలు వెనక్కి తీసుకోవాల్సి వచ్చింది.