నెలసరి ముందు నలత, ప్రసవం తర్వాత దిగులు: తిండి మీదికి చూపు ఎలా మళ్లింది?

పీరియడ్స్ ముందు వారం రోజులు చిరాకు, ఊరికే ఏడుపు, కడుపు ఉబ్బరం, తీపి మీదికి మనసు లాగడం ఆడవాళ్లకు ఎప్పటినుంచో తెలుసు. వైద్య పత్రికల్లోకి మాత్రం ఇవి ఆలస్యంగా ఎక్కాయి. 1931లో అమెరికా గైనకాలజిస్టు రాబర్ట్ ఫ్రాంక్ 15 మంది కేసులు వివరించి, దీన్ని ‘ప్రీమెన్‌స్ట్రువల్ టెన్షన్’ అన్నాడు. 1953లో బ్రిటన్‌లో కాథరీనా డాల్టన్, రేమండ్ గ్రీన్ అనే వైద్యులు రాసిన వ్యాసంతో ‘ప్రీమెన్‌స్ట్రువల్ సిండ్రోమ్’ అనే పేరు నిలబడింది.

డాల్టన్‌ది సొంత బాధ. నెలనెలా పీరియడ్స్ ముందు మైగ్రేన్ వచ్చేది, కడుపుతో ఉన్నప్పుడు రాలేదు. ఆ తేడా చూసే ఆమె, కడుపుతో ఉన్నప్పుడు ఒంట్లో బాగా పెరిగే ప్రొజెస్టెరాన్ అనే హార్మోన్‌తో చేసే వైద్యాన్ని నమ్మింది. తర్వాతి పరీక్షల్లో ఆ వైద్యం నిలవలేదు. ఆమె చెప్పిన తిండి సలహా మాత్రం చాలామంది నోట మిగిలింది: కడుపు మాడ్చుకోకుండా మూడు గంటలకోసారి కొంచెం పిండి పదార్థం తినాలి. పిండి పదార్థం తింటే మెదడులో సెరటోనిన్ (మనసు స్థితితో సంబంధమున్న రసాయనం) తయారీకి వీలు పెరుగుతుందని 1980లలో అమెరికాలో శాస్త్రవేత్తలు రిచర్డ్, జూడిత్ వర్ట్‌మన్ దంపతులు వాదించారు. తీపి కోసం పాకులాడేవాళ్లను తిండిపోతులని తిట్టకుండా, శరీరం ఏదో అడుగుతోందేమో అని ఆలోచించారు. నాకు ఆ మర్యాద నచ్చింది.

ఆ తర్వాత మాత్రల వంతు. బి6 విటమిన్‌కు బాగా పేరొచ్చింది. అయితే ఎక్కువ మోతాదులో వాడితే నరాలు దెబ్బతిని కాళ్లూచేతులూ మొద్దుబారతాయని 1983లో బయటపడింది. విటమినే కదా అని ఇష్టం వచ్చినట్టు మింగకూడదు. కాల్షియంకు గట్టి ఆధారం 1998లో దొరికింది. అమెరికాలో జరిగిన పరీక్షలో రోజుకు 1,200 మిల్లీగ్రాముల కాల్షియం తీసుకున్నవాళ్లకు మూడో నెలసరికల్లా బాధలు 48 శాతం తగ్గాయి. ఉత్తుత్తి మాత్ర వేసుకున్నవాళ్లకూ 30 శాతం తగ్గాయి! కాబట్టి మేలు ఉంది, కానీ మహిమ కాదు.

ప్రసవానంతర డిప్రెషన్ కథ వేరు. 1858లోనే ఫ్రాన్స్ వైద్యుడు లూయీ విక్టర్ మార్సే గర్భిణుల, బాలింతల మానసిక వ్యాధుల మీద పెద్ద గ్రంథం రాశాడు. తిండి ప్రస్తావన బాగా వినిపించింది మాత్రం 2002లో. చేపలు ఎక్కువ తినే దేశాల్లో ఈ డిప్రెషన్ తక్కువగా కనిపిస్తోందని అమెరికా పరిశోధకుడు జోసెఫ్ హిబెల్న్ చూపించాడు. అందరికీ ఆశ పుట్టింది. కానీ ఆస్ట్రేలియాలో దాదాపు 2,400 మంది గర్భిణులపై చేపనూనె పరీక్షించిన ఫలితాలు 2010లో వచ్చాయి, డిప్రెషన్ తగ్గలేదు.

అయినా బాలింత తిండిని పట్టించుకోవాల్సిందే. బిడ్డను భుజాన వేసుకుని, ఒక చేత్తో, చల్లారిపోయిన భోజనం నాలుగు ముద్దలు తిని లేచిపోయే తల్లికి నీరసం రాక ఏమవుతుంది? రక్తం పోయి ఐరన్ తగ్గితే ఆ అలసట డిప్రెషన్‌లాగే ఉంటుంది, దాన్ని పెంచుతుంది కూడా. రక్తపరీక్ష చేయిస్తే తెలిసిపోతుంది. వేళకు వేడిగా తినిపించే మనిషి పక్కనుంటే అదీ వైద్యంలో భాగమే. కానీ రెండు వారాలు దాటినా దిగులు వదలకపోతే డాక్టరు దగ్గరికి వెళ్లాలి. ఈ డిప్రెషన్‌ను గుర్తించడానికి 1987లో వచ్చిన ఎడిన్‌బరో ప్రశ్నావళిలో పది ప్రశ్నలున్నాయి. తిండి గురించి ఒక్కటీ లేదు. చివరిది, నీకు నువ్వు హాని చేసుకోవాలనిపిస్తోందా అని. దానికి అవునన్న తల్లిని ఆ రోజే డాక్టరుకు చూపించాలి.