రిపోర్టు నార్మల్ వచ్చాక కొలెస్ట్రాల్ బిళ్ళ ఆపేయొచ్చా? అపోహలు - వాస్తవాలు

అమలాపురం దగ్గర మందుల షాపులో ఫార్మసిస్టుని. చీటీలో ఉన్న బీపీ, షుగర్ బిళ్ళలు తీసుకుని, మూడోది చూపించి "అది వద్దులెండి, రిపోర్టు నార్మల్ వచ్చేసింది" అనేవాళ్ళు నాకు తరచూ తగులుతుంటారు. ఆ మూడోది దాదాపుగా అటోర్వాస్టాటిన్ గానీ రోసువాస్టాటిన్ గానీ అయి ఉంటుంది. ఇవి స్టాటిన్‌లు అనే కొలెస్ట్రాల్ తగ్గించే బిళ్ళలు. వాళ్ళు వెళ్ళిపోతుంటే మనసుకి కష్టంగా ఉంటుంది. అందుకే ఇది రాస్తున్నాను.

అపోహ: నార్మల్ వచ్చాక బిళ్ళ అక్కర్లేదు.

వాస్తవం: ఆ నార్మల్ వచ్చింది బిళ్ళ వల్లే. ఒంట్లోని కొలెస్ట్రాల్‌లో ఎక్కువ భాగం మన కాలేయమే తయారుచేస్తుంది. స్టాటిన్ ఆ తయారీని తగ్గిస్తే, కాలేయం తన అవసరానికి రక్తంలోని చెడు కొలెస్ట్రాల్‌ను లాక్కుంటుంది. బిళ్ళ ఆపితే కొన్ని వారాల్లోనే అంకె మళ్ళీ పైకి పోతుంది. నొప్పీ ఉండదు, నీరసమూ ఉండదు కాబట్టి మనకు తెలియదు. స్టెంట్ పడిన ఒక చేపల చెరువుల రైతు ఇలాగే నాలుగు నెలలు మానేశారు. మళ్ళీ రక్త పరీక్ష చేయించాక గానీ ఆయనకు సంగతి తెలియలేదు. స్టెంట్ పడినవాళ్ళకు, గుండెపోటు వచ్చినవాళ్ళకు ఎల్‌డీఎల్ (చెడు కొలెస్ట్రాల్) ఎంత ఉన్నా ఈ మందు మామూలుగా కొనసాగిస్తారు.

అపోహ: పండే కదా, మందుతో ఏం పేచీ?

వాస్తవం: మన కోనసీమ వాళ్ళకు ఇది ప్రత్యేకంగా చెప్పాలి. చవితికి పాలవెల్లికి కట్టిన పంపర పనసను తర్వాత ఇంటిల్లిపాదీ వలుచుకుని తింటాం. గ్రేప్‌ఫ్రూట్ అనే నిమ్మజాతి పండు పుట్టింది ఈ పంపర పనస సంకరం నుంచే. ఈ రెండు పళ్ళలోని కొన్ని పదార్థాలు, పేగుల్లో అటోర్వాస్టాటిన్, సిమ్వాస్టాటిన్‌లను విరగ్గొట్టే ఎంజైమును పనిచేయనివ్వవు. దాంతో మందు మోతాదుకు మించి రక్తంలో చేరి, కండరాలు దెబ్బతినే ప్రమాదం పెరుగుతుంది. పొద్దున పండు, రాత్రి బిళ్ళ అనుకున్నా లాభం లేదు, ఆ ప్రభావం రోజు దాటి కూడా ఉంటుంది. రోసువాస్టాటిన్‌కు ఈ ఇబ్బంది పెద్దగా లేదు. బత్తాయి, కమలాలతో భయం లేదు. మీది ఏ స్టాటినో స్ట్రిప్ వెనక చూసుకోండి, తెలియకపోతే మమ్మల్ని అడగండి.

పండు ఒక్కటే కాదు. ఇన్ఫెక్షన్‌కి క్లారిత్రోమైసిన్ అనే యాంటీబయాటిక్ రాసినప్పుడు కూడా "నేను కొలెస్ట్రాల్ బిళ్ళ వాడుతున్నానండీ" అని ఆ డాక్టరుగారికి చెప్పాలి. ఆ నాలుగు రోజులూ స్టాటిన్ ఆపమనొచ్చు, వేరే యాంటీబయాటిక్ ఇవ్వొచ్చు.

అపోహ: ఈ బిళ్ళ వేస్తే కాళ్ళు పీకేస్తాయి.

వాస్తవం: కొందరికి నొప్పులు నిజంగానే వస్తాయి, కొట్టిపారేయను. కానీ 2020లో వచ్చిన ఒక పరిశోధనలో, ఇబ్బందులు వచ్చి స్టాటిన్ మానేసిన 60 మందికి ఒక నెల అసలు బిళ్ళ, ఒక నెల మందు లేని ఉత్తుత్తి బిళ్ళ, ఒక నెల ఏదీ లేకుండా మార్చి మార్చి ఏడాది పాటు చూశారు. అసలు బిళ్ళతో పడిన బాధలో 90 శాతం దాకా ఉత్తుత్తి బిళ్ళతోనూ పడ్డారు. బాధ అబద్ధం కాదు, కారణం మాత్రం చాలాసార్లు మందు కాదు. కాబట్టి మీ అంతట మీరు మానేయకుండా డాక్టరుగారికి చెప్పండి. మోతాదు తగ్గించవచ్చు, రకం మార్చవచ్చు. మూత్రం కాఫీ డికాక్షన్ రంగులో వచ్చినా, తొడలూ భుజాలూ విపరీతంగా నొప్పి పెట్టి బలం తగ్గినా, కళ్ళు పచ్చబడినా మాత్రం ఆ రోజే ఆసుపత్రికి వెళ్ళాలి.

గర్భం కోసం చూస్తున్నవాళ్ళు, పాలిచ్చే తల్లులు ఆ మాట ముందే డాక్టరుకు చెప్పాలి.

అపోహ: రాత్రే వేసుకోవాలి.

వాస్తవం: సిమ్వాస్టాటిన్ అయితే రాత్రే. అటోర్వాస్టాటిన్, రోసువాస్టాటిన్ ఏ వేళైనా సరే, రోజూ ఒకే వేళకి వేసుకోండి. ఒక రోజు మర్చిపోతే మర్నాడు రెండు వేయకండి, ఎప్పటిలాగే ఒక్కటి చాలు.